చనుమొన నొప్పి: కారణాలు, ఉపశమనం, తెలుగు మాటల తోడ్పాటు

సారాంశం

బిడ్డకు పాలిచ్చే తొలి వారాల్లో చాలామంది తల్లులను చనుమొన నొప్పి బాధిస్తుంది. దీనిని ప్రసవంతో పాటు వచ్చే సహజమైన కష్టంగా భావించి ఓర్చుకోవడం, ఓర్పు నశించినప్పుడు పాలివ్వడమే మానుకోవడం తరచుగా కనిపిస్తాయి. ఎక్కువ సందర్భాల్లో ఈ నొప్పికి మూలం బిడ్డ చన్ను పట్టే తీరులో ఉంటుంది. కొన్ని సందర్భాల్లో పాలు కట్టడం, చర్మవ్యాధులు, రక్తనాళాల సంకోచం, సూక్ష్మక్రిముల దాడి కారణమవుతాయి. ఒక్కో కారణం ఒక్కో రకమైన నొప్పిని పుట్టిస్తుంది. ఆ రకాలను వేరుచేసి చెప్పగల మాటలు తెలుగులో ఉన్నాయి. నొప్పిని సరైన మాటతో చెప్పగలగడం ఉపశమనానికి తొలిమెట్టు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదువుతూ, బోధిస్తూ బిడ్డను పెంచే తల్లుల పరిస్థితిని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తల్లిపాలు, చనుమొన నొప్పి, చన్ను పట్టు, బాలింత, నొప్పి పదజాలం, పరిశోధక విద్యార్థినులు.

1. ప్రవేశిక

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఆనుకొని, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ రెండు సంస్థల మూలాలూ 1918లోనే ఉన్నాయి. ఆ సంవత్సరమే హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ సంవత్సరమే నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఒక చిన్న పరిశోధన విభాగాన్ని ప్రారంభించాడు. ఆ విభాగమే విస్తరించి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పొందింది. పేదవర్గాల తల్లుల పాల ఉత్పత్తిపై సి. గోపాలన్ చేసిన అధ్యయనం 1958లో వెలువడింది. ఇదే సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహార మార్గదర్శకాల్లో తొలి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తరువాత రెండేళ్ళ వరకు, ఆపైన కూడా కొనసాగించాలని ఉంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోకేలరీలు, తరువాతి ఆరు నెలలు 520 కిలోకేలరీలు అదనంగా అవసరమని భారత వైద్య పరిశోధన మండలి లెక్కగట్టింది.

తల్లి ఏమి తినాలి, బిడ్డకు ఎంతకాలం పాలివ్వాలి అన్న ప్రశ్నలకు ఈ విధంగా సమాధానాలు ఉన్నాయి. కాని ప్రసవమైన మూడో రాత్రి, బిడ్డ నోరు తాకగానే పళ్ళు బిగబట్టే తల్లి అడిగే ప్రశ్న వేరు. “ఇంత నొప్పి ఎందుకు? ఇది ఎన్నాళ్ళు?” అన్నది ఆమె ప్రశ్న. ఇంట్లో సాధారణంగా దొరికే సమాధానం “మేమందరం ఓర్చుకున్నవాళ్ళమే” అన్నది. పురిటినొప్పులను దాటివచ్చిన స్త్రీకి పాలిచ్చే నొప్పిని కూడా ఆ ఖాతాలోనే జమకట్టడం ఇందులోని పొరపాటు. పురిటినొప్పులు ప్రసవక్రమంలో భాగం. చనుమొన పగిలి రక్తం కారడం పాలిచ్చే క్రమంలో భాగం కాదు. సరిచేయవలసినది ఏదో ఉందని అది తెలియజేస్తుంది.

ఈ పొరపాటు ఫలితాన్ని అనుభవించేది తల్లీబిడ్డలు ఇద్దరూ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు 41.8 శాతం. ఆరునెలల లోపు వారిలో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవారు 63.7 శాతం. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. కడుపు మీద కుట్లున్న తల్లి లేచి కూర్చోలేదు, బిడ్డను ఒడిలో సరిగా అమర్చుకోలేదు. తొలిసారి చన్ను పట్టించడం ఆలస్యమయ్యే అవకాశమూ ఎక్కువ. పాలివ్వడం త్వరగా ఆగిపోవడానికి అనేక కారణాలున్నాయి. వాటిలో నొప్పి ఒక ప్రధాన కారణం, సరిదిద్దడానికి వీలున్న కారణం కూడా.

2. చంటి, కుడుచు, చేపు: మాటల్లో ఉన్న శరీరజ్ఞానం

‘చంటిబిడ్డ’ అన్న మాటలోని ‘చంటి’ చన్ను అనే శబ్దానికి ఔపవిభక్తిక రూపం. కన్ను–కంటి, మన్ను–మంటి, మిన్ను–మింటి వలె చన్ను–చంటి. కాబట్టి చంటిబిడ్డ అంటే వయసు చిన్నదైన బిడ్డ అని మాత్రమే కాదు, చన్నుకు చెందిన బిడ్డ అని అర్థం.

బిడ్డ పాలు తాగే క్రియకు ‘కుడుచు’ అనే ధాతువు ఉంది. దీనికి దగ్గరగా కనిపించే మరో ధాతువు ‘చీకు’. వాడుకలో ఈ రెండింటికీ తేడా ఉంది. పిల్లవాడు వేలు చీకుతాడు, మామిడి టెంక చీకుతాడు. చన్ను మాత్రం కుడుస్తాడు. చీకడంలో పెదవులు, నాలుక కొన కొసను మాత్రమే పట్టి లాగుతాయి. కుడవడంలో నోటినిండా తీసుకోవడం, మింగడం, కడుపు నింపుకోవడం ఉన్నాయి. చనుమొన నొప్పికి అతి సాధారణమైన కారణాన్ని ఈ రెండు మాటలతోనే చెప్పవచ్చు: కుడవవలసిన బిడ్డ చీకుతున్నది.

మూడో మాట ‘చేపు’. దూడను చూడగానే ఆవు చేపుతుంది. పొదుగులో ఉన్న పాలు దిగివస్తాయి. బిడ్డ స్పర్శ, బిడ్డ ఏడుపు, కొన్నిసార్లు బిడ్డ తలపు మాత్రమే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తాయి. ఆ హార్మోను పాలగ్రంథుల చుట్టూ ఉన్న సన్నని కండరకణాలను ముడుచుకునేలా చేసి పాలను నాళాల్లోకి నెడుతుంది. తీవ్రమైన నొప్పి, భయం, అలసట ఈ చేపును అడ్డగించగలవు. చేపు రాకపోతే బిడ్డ మరింత గట్టిగా లాగుతుంది. దానితో నొప్పి పెరుగుతుంది. పెరిగిన నొప్పి చేపును మళ్ళీ అడ్డుకుంటుంది. ‘పాలు చాలడం లేదు’ అన్న నిర్ణయానికి ఇంటివాళ్ళు వచ్చేది చాలావరకు ఈ వలయం మధ్యలోనే.

3. సహజమైన సున్నితత్వం – హద్దు

ప్రసవం తరువాత తొలి రోజుల్లో చనుమొనలు కొంత సున్నితంగా ఉండడం సాధారణమే. బిడ్డ పట్టిన మొదటి అరనిమిషం చురుక్కుమని, పాలు దిగగానే ఆ బాధ తగ్గిపోతే ఆందోళన అక్కరలేదు. పాలు దిగే సమయంలో జివ్వుమనడం కూడా కొందరిలో సహజం. ఈ సున్నితత్వం మొదటి వారంలో హెచ్చి, క్రమంగా తగ్గుముఖం పట్టాలి.

పాలు తాగుతున్నంతసేపూ నొప్పి ఉండడం, పాలిచ్చిన తరువాత కూడా మిగలడం, చర్మం చిట్లడం, రక్తం రావడం, రెండో వారంలోనూ తగ్గకపోవడం – వీటిలో ఏది ఉన్నా అది హద్దు దాటిన నొప్పి. అది ఎలా ఉందో వివరించడానికి ‘నొప్పి’ అన్న ఒక్క మాట చాలదు.

4. నొప్పి రకాలు, వాటి కారణాలు

4.1. నలుగుడు, ఒరుపు, పగులు

బ్రిటిష్ వైద్యురాలు మేవిస్ గంథర్ చనుమొనల పుండ్ల కారణాలు, నివారణ గురించి 1945లో లాన్సెట్ పత్రికలో రాసింది. బిడ్డ ఎంతసేపు తాగిందన్న దానికన్నా, ఎలా పట్టిందన్నది ముఖ్యమన్న అవగాహన అప్పటినుంచి బలపడుతూ వచ్చింది.

బిడ్డ నోటి పైకప్పులో ముందుభాగం గట్టిగా, వెనుకభాగం మెత్తగా ఉంటుంది. పట్టు సరిగా ఉన్నప్పుడు చనుమొన ఆ రెండు భాగాలు కలిసేచోటుకు దగ్గరగా చేరుతుంది. అక్కడ దానికి ఒత్తిడి ఉండదు. బిడ్డ కొసను మాత్రమే పట్టినప్పుడు చనుమొన గట్టి అంగిలికీ నాలుకకూ మధ్య చిక్కి ప్రతి గుటకకూ నలుగుతుంది. బిడ్డ నోటి నుంచి బయటకు వచ్చిన చనుమొన గుండ్రంగా ఉండక ఏటవాలుగా నొక్కుకుపోయి, కొసన తెల్లని గీతతో కనిపిస్తే అది ఈ నలుగుడుకు గుర్తు. నలుగుడు కొనసాగితే ఒరుపు, ఒరుపు కొనసాగితే పగులు ఏర్పడతాయి. పాలతో పాటు కొద్దిగా రక్తం బిడ్డ కడుపులోకి వెళ్ళినా సాధారణంగా హాని లేదు. పగులును అలాగే వదిలేస్తే మాత్రం అది సూక్ష్మక్రిములకు దారి ఇస్తుంది.

కొందరు పిల్లల్లో నాలుక కింది పొర మరీ పొట్టిగా ఉండి నాలుక ముందుకు సాగదు. అప్పుడు తల్లి ఎంత జాగ్రత్తగా అమర్చినా పట్టు జారిపోతుంది. ఆ పొరను చిన్న కత్తిరింపుతో సడలించడం వల్ల తల్లికి కొంతకాలం నొప్పి తగ్గుతుందని, బిడ్డ పాలు తాగే తీరులో మెరుగుదల మాత్రం అన్ని అధ్యయనాల్లో ఒకేలా కనిపించలేదని 2017 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అందువల్ల ముందు పట్టును సరిచూసి, ఆ తరువాతనే కత్తిరింపు గురించి ఆలోచించాలి.

4.2. బిగువు

మూడు, నాలుగు రోజుల నాటికి పాలు ఒక్కసారిగా పెరుగుతాయి. ‘పాలు కట్టాయి’ అని వ్యవహారంలో అనే స్థితి ఇది. రొమ్ము రాయిలా బిగిసి, చనుమొన చదునుగా మారి, బిడ్డ నోటికి అందదు. బిడ్డ కొసనే పట్టుకుంటుంది. నలుగుడు మొదలవుతుంది. నిండుగా బిగిసిన చన్నును ముందు కొంత పిండకుండా బిడ్డకు ఇస్తే పాలు ఎగదన్ని దగ్గు, ఆయాసం, వాంతి కలుగుతాయని సుశ్రుతసంహిత శారీరస్థానం హెచ్చరించింది. అక్కడి దృష్టి బిడ్డ మీద ఉంది. అదే జాగ్రత్త తల్లికీ మేలు చేస్తుంది. పాలిచ్చే ముందు చేతితో కొద్దిగా పిండినా, చనుమొన చుట్టూ వేళ్ళకొసలతో నిమిషంసేపు మెత్తగా లోపలికి నొక్కి ఉంచినా ఆ భాగం మెత్తబడి బిడ్డ నోటికి అందుతుంది.

4.3. మంట

పాలు తాగడం ముగిసిన తరువాత కూడా మంట కొనసాగుతూ, చనుమొన ఎర్రబారి మెరుస్తూ, దురదపెడుతూ ఉంటే ఫంగస్‌ను అనుమానిస్తారు. బిడ్డ నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లని పూత ఉండడం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. అప్పుడు తల్లికీ బిడ్డకూ ఒకేసారి చికిత్స జరగాలి. ఒకరికే చేస్తే రెండోవారి నుంచి తిరిగి వస్తుంది. అయితే మంట అనగానే ఫంగస్ అని నిర్ణయించడం సరికాదు. సబ్బు, సువాసన లేపనాలు, తడిసిన పాల మెత్తలు పుట్టించే చర్మపు వాపు కూడా మంటగానే తెలుస్తుంది. ఒకే చనుమొన మీద పొక్కు, చెమ్మ, దురద వారాలపాటు మానకపోతే పాలిచ్చే కాలమని సరిపెట్టుకోక వైద్య పరీక్ష చేయించుకోవాలి. అరుదుగా అది రొమ్ము క్యాన్సర్ లక్షణం కావచ్చు.

4.4. తిమ్మిరి, పోటు

పాలిచ్చిన వెంటనే చనుమొన తెల్లబారి, కొంతసేపటికి నీలంగా, ఆపైన ఎర్రగా మారుతూ తిమ్మిరితో కూడిన పోటు వస్తే అది రక్తనాళాల సంకోచం. చలికి వేళ్ళు తెల్లబారే ఇటువంటి స్థితిని ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో 1862లో వివరించాడు. చల్లగాలి దీనిని ప్రేరేపిస్తుంది. స్నానం ముగించి బయటకు వచ్చినప్పుడు, ఏసీ ప్రయోగశాలలో కూర్చున్నప్పుడు నొప్పి రావడం దీనికి గుర్తు. పాలిచ్చిన వెంటనే పొడి వెచ్చని గుడ్డతో కప్పడం చాలామందికి మేలు చేస్తుంది. తగ్గనప్పుడు వైద్యులు నిఫెడిపిన్ వంటి మందు సూచిస్తారు. ఈ పోటును ఫంగస్‌గా పొరబడి నెలల తరబడి లేపనాలు వాడడం వల్ల ఫలితం ఉండదు. రంగు మార్పును గమనించి చెప్పగలిగితే ఈ పొరపాటు తప్పుతుంది.

4.5. సలుపు

రొమ్ములో ఒకచోట ఎర్రబారి, వేడెక్కి, నాడి కొట్టుకున్నట్లు సలుపుతూ, 38.5 డిగ్రీల సెల్సియస్ జ్వరం, ఒళ్ళునొప్పులు తోడైతే అది రొమ్ము వాపు. ఇది చనుమొనకు పరిమితమైన నొప్పి కాదు. పగులు ద్వారా ప్రవేశించిన స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియా దీనికి కారణం కావచ్చు. బిడ్డకు పాలివ్వడం ఆపవలసిన పనిలేదు. ఆపితే పాలు నిలిచి స్థితి విషమించవచ్చు. ఒకప్పుడు గట్టిగా మర్దన చేసి గడ్డను కరిగించమనేవారు. 2022లో సవరించిన అంతర్జాతీయ వైద్య సూచనలు గట్టి మర్దన కణజాలాన్ని మరింత దెబ్బతీస్తుందని, చల్లని కాపడం, వాపు తగ్గించే మందులు మేలని చెబుతున్నాయి. ఒక రోజులో తగ్గకపోతే యాంటీబయాటిక్ అవసరమవుతుంది. చీము పట్టిన గడ్డను వైద్యులు సూదితో తీయగలరు.

సుశ్రుతసంహిత నిదానస్థానం పదో అధ్యాయంలో విసర్పం, నాడీవ్రణాలతో పాటు స్తనరోగాలకు చోటిచ్చింది. పాలిచ్చే తల్లి రొమ్ముకు వచ్చే బాధను ప్రాచీనులు రోగంగానే పరిగణించారనడానికి ఇది ఆధారం. ఓర్చుకోవడమే ధర్మమన్నది శాస్త్రం చెప్పిన మాట కాదు.

5. ఉపశమన మార్గాలు

5.1. పట్టును సరిచేయడం

మందుల కన్నా ముందు చేయవలసింది పట్టును సరిచూడడం. తల్లి వీపుకు ఆనుకునే ఆధారం ఉండాలి. బిడ్డ తల, వీపు, నడుము ఒకే వరుసలో ఉండి, బిడ్డ పొట్ట తల్లి ఒంటికి తగిలేలా దగ్గరగా ఉండాలి. తల్లి బిడ్డ మీదికి వంగకూడదు, బిడ్డనే చన్ను దగ్గరకు తేవాలి. చనుమొనతో బిడ్డ పైపెదవిని తాకిస్తే బిడ్డ ఆవులించినట్లు నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో గడ్డం ముందుగా తగిలేలా దగ్గరకు తీసుకోవాలి.

పట్టు కుదిరిందనడానికి గుర్తులు నాలుగు: నోరు విశాలంగా తెరచి ఉండడం, కింది పెదవి బయటకు మడిచి ఉండడం, గడ్డం రొమ్మును తాకడం, నల్లని వలయం బిడ్డ నోటి కింద కన్నా పైన ఎక్కువగా కనిపించడం. బిడ్డ గుటక వేసే చప్పుడు వినిపించడం మంచి లక్షణం. బుగ్గలు లోపలికి పోవడం, టక్‌టక్‌మనే చప్పుడు పట్టు జారిందని తెలుపుతాయి. అరనిమిషం దాటినా నొప్పి తగ్గకపోతే శుభ్రమైన చిటికెనవేలిని బిడ్డ పెదవి మూల నుంచి లోపలికి పోనిచ్చి, గాలి చొరబడిన తరువాత విడిపించి, మళ్ళీ పట్టించాలి. అలా కాకుండా లాగేస్తే కొత్త పగులు ఏర్పడుతుంది.

శస్త్రచికిత్స జరిగిన తల్లికి పక్కకు ఒత్తిగిలి పడుకొని ఇవ్వడం, లేదా బిడ్డ కాళ్ళను తన చంక కిందుగా వెనక్కు పోనిచ్చి పట్టుకోవడం అనువుగా ఉంటుంది. కుట్ల మీద బరువు పడదు.

‘అడగందే అమ్మైనా పెట్టదు’ అన్న సామెత ఈ సందర్భంలో పనికిరాదు. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. తల తిప్పి వెదకడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం తొలి గుర్తులు. ఏడ్చి అలసిన బిడ్డ నాలుక పైకి లేచి ఉంటుంది, ఆత్రంగా కొసను పట్టి లాగుతుంది. అడగకముందే ఇచ్చినప్పుడు పట్టు నెమ్మదిగా, నిండుగా కుదురుతుంది.

5.2. పూతలు

చనుమొన చుట్టూ ఉన్న చిన్న బుడిపెలు చర్మాన్ని మెత్తగా ఉంచే జిడ్డును స్రవిస్తాయి. ప్రతిసారీ సబ్బుతో కడిగితే ఆ రక్షణ పోయి చర్మం ఎండి పగులుతుంది. రోజూ స్నానంలో మామూలు నీటితో కడగడం చాలు.

పుండును ఎండబెట్టి మాన్పించాలన్న అభిప్రాయం పూర్వం ఉండేది. గాయం చెమ్మగా ఉన్నప్పుడే కొత్త చర్మం త్వరగా అల్లుకుంటుందని జార్జ్ వింటర్ 1962లో చూపిన తరువాత ఆ దృష్టి మారింది. తెలుగు ఇళ్ళలో వెన్న, నెయ్యి, కొబ్బరినూనె, ఆముదం రాసే అలవాటు ఈ చెమ్మ సూత్రానికి దగ్గరగానే ఉంది. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ లేపనం చేసే పనీ ఇదే. అయితే ఏ పూత మేలన్న ప్రశ్నకు 2014 నాటి కాక్రేన్ సమీక్ష ఇచ్చిన జవాబు గమనించదగినది. 656 మంది తల్లులతో జరిగిన నాలుగు పరీక్షలను పరిశీలించిన ఆ సమీక్షలో ఏ పూతా మిగిలినవాటి కన్నా మెరుగని తేలలేదు. ఏమీ రాయకపోవడం గాని, తల్లిపాల చుక్కనే రాయడం గాని లానోలిన్‌తో సమానంగానో, అంతకన్నా మేలుగానో ఉండవచ్చని తెలిసింది. ఏ చికిత్స తీసుకున్నప్పటికీ చాలామందికి ప్రసవానంతరం ఏడు నుంచి పది రోజుల్లో నొప్పి స్వల్పస్థాయికి దిగింది.

కాబట్టి పాలిచ్చిన తరువాత నాలుగు చుక్కలు పిండి చనుమొనకు రాసి ఆరనివ్వడం ఖర్చులేని, నిరపాయమైన మార్గం. తేనె మాత్రం రాయకూడదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ద్వారా బొటులిజం అనే ప్రమాదకరమైన వ్యాధి రావచ్చు. వేపాకు ముద్ద రాయడం బిడ్డకు పాలు మాన్పించే పద్ధతి. పుండుకు మందనుకొని దానిని రాస్తే చేదుకు బిడ్డ చన్ను పట్టడమే మానుతుంది.

5.3. విశ్రాంతి, ఉగ్గుగిన్నె

నొప్పి తక్కువగా ఉన్న వైపు ముందుగా ఇస్తే బిడ్డ ఆత్రం తగ్గి, రెండోవైపు మృదువుగా తాగుతుంది. పగులు లోతుగా ఉండి తాకనివ్వకపోతే ఒకటి రెండు రోజులు ఆ వైపు పాలను చేతితో పిండి బిడ్డకు పట్టవచ్చు. అందుకు పాలపీక అవసరం లేదు. పీకకు అలవాటుపడిన బిడ్డ చన్నును కూడా కొసతోనే పట్టే ప్రమాదం ఉంది. తెలుగువారి ఉగ్గుగిన్నె ఇందుకు చక్కగా సరిపోతుంది. శుభ్రంగా మరిగించిన గిన్నెతో, బిడ్డ తల ఎత్తిపెట్టి, పెదవికి ఆనించి కొద్దికొద్దిగా పట్టాలి. భరించలేని నొప్పికి వైద్య సలహాతో పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వాడవచ్చు. ఇవి పాలిచ్చే తల్లులకు అనుకూలమైనవే.

6. ప్రాంగణంలో పాలిచ్చే తల్లి

పైన చెప్పిన ఉపాయాలన్నిటికీ తల్లీబిడ్డలు ఒకచోట ఉండడం ఆధారం. తార్నాకలో అద్దె ఇంట్లో ఉంటూ ప్రాంగణంలో పరిశోధన చేసే స్త్రీకి ఆ అవకాశం తక్కువ. ఉదయం బిడ్డకు పాలిచ్చి గ్రంథాలయానికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా పాలు తీయకపోతే రొమ్ము బిగుస్తుంది. ఇంటికి చేరగానే ఆకలిగొన్న బిడ్డ ఆ బిగువు మీద కొసను పట్టి లాగుతుంది. నెలల కిందట మానిన పగులు మళ్ళీ తెరుచుకుంటుంది. అంటే చనుమొన నొప్పి తొలి వారాల సమస్యగానే ముగియదు, పని తిరిగి మొదలైన వారాల్లో మరోసారి తలెత్తగలదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం పనికి తిరిగివచ్చిన తల్లికి బిడ్డకు 15 నెలలు నిండే వరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలు కల్పించింది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చని చెప్పింది. పరిశోధక విద్యార్థిని ఉద్యోగిని కాదు. ఆమెకు వర్తించేది విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధన. 2016లో వచ్చి, 2022 నిబంధనల్లోనూ కొనసాగిన దాని ప్రకారం పరిశోధన కాలం మొత్తంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు పొందవచ్చు. సెలవు ముగిసిన తరువాత రోజులో రెండుసార్లు తలుపు వేసుకొని పాలు పిండుకునే చోటు ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబును ఆయా శాఖలే సమకూర్చాలి. గడియ ఉన్న గది, కుర్చీ, చేతులు కడుక్కునే నీరు, చిన్న ఫ్రిజ్ – ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

పాలు తీసే పంపు వాడేవారు దాని గరాటు చనుమొనకు సరిపోయేలా చూసుకోవాలి. గరాటు ఇరుకైతే ఒరుపు, వదులైతే నల్లని వలయం లోపలికి లాగబడి వాపు వస్తాయి. పంపు లాగే బలాన్ని పెంచినంత మాత్రాన పాలు ఎక్కువగా రావు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. హైదరాబాద్ మే నెల ఎండల్లో మొదటి లెక్క పనికిరాదు. ఐసుగడ్డల సంచీ దగ్గర ఉండాలి.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. చనుమొన నొప్పిలో అధికభాగం పట్టు లోపం వల్ల కలిగేది. మందు కన్నా ముందు భంగిమను, బిడ్డ నోటి తీరును సరిచూడాలి.

2. పాలు దిగగానే తగ్గే చురుకు సహజం. పాలిచ్చినంతసేపూ నిలిచే నొప్పి, పగులు, రక్తం సహజం కావు.

3. నలుగుడు పట్టును, బిగువు కట్టిన పాలను, మంట చర్మాన్ని, తిమ్మిరితో కూడిన పోటు రక్తనాళాలను, జ్వరంతో కూడిన సలుపు రొమ్ము వాపును సూచిస్తాయి. ఈ సూచనలు వైద్య నిర్ధారణకు ప్రత్యామ్నాయం కావు. వైద్యురాలు సరైన ప్రశ్న వేయడానికి దారి చూపుతాయి.

4. ఇంటి పూతల్లో కొన్ని నిరపాయమైనవి, కొన్ని హానికరమైనవి. పట్టు సరిచేయకుండా ఏ పూతా నిలకడైన ఫలితం ఇవ్వదు.

5. పని చేసే, చదివే తల్లికి పాలు తీసుకునే వేళ, చోటు దొరకడం కూడా నొప్పి నివారణలో భాగమే.

భాషాబోధకులకు, పరిశోధకులకు ఇందులో ఒక పని ఉంది. ఆరోగ్య కరపత్రాల్లో ‘స్తనాగ్ర సంబంధిత అసౌకర్యం’ వంటి మాటలు కనిపించినప్పుడు చదివిన తల్లికి తన బాధ అందులో కనిపించదు. చీకడం, కుడవడం, చేపు, సలుపు, ఒరుపు ఆమెకు పుట్టింట్లో వినిపించిన మాటలు. ప్రాంతాలవారీగా బాలింతల నోటి నుంచి ఇటువంటి పదాలను సేకరించి, అర్థఛాయలతో నమోదు చేసి, ఆరోగ్య కార్యకర్తలకు అందించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. ‘నొప్పిగా ఉంది’ అన్న తల్లిని ఓర్చుకోమనడానికి ముందు, ‘ఎలాంటి నొప్పి?’ అని అడగడం మొదలైతే, ఆ సేకరణకు ప్రయోజనం సిద్ధించినట్లే.